కొబ్బరినీళ్ళ తప్పు

రేపల్లె కంటి ఆసుపత్రిలో కొత్త సర్వరు పెట్టిన రోజున కొబ్బరికాయ కొట్టింది మస్తానయ్య. పేరుకి అటెండరే గానీ పదకొండేళ్ళుగా ఆసుపత్రి తాళాలన్నీ ఆయన మొలతాడుకే వేలాడుతున్నాయి.

"కాయ కొట్టకుండా కొత్త మిషను ఎట్టా పనిచేత్తదమ్మా?" అంటూ ఊపుమీద బల్ల అంచుకే కొట్టేశాడు. చెక్కలు సమంగానే పగిలాయి. నీళ్ళు మాత్రం చివ్వున లేచి పెట్టె నెత్తిన పడ్డాయి. సర్వరు పెట్టడానికి వచ్చిన తనూజ నవ్వుతూ గుడ్డతో తుడిచింది.

గంట తిరక్కుండా రోగుల వివరాలు తెరవబోతే ఒక్కటీ తెరుచుకోలేదు.

"అయ్యో, కొబ్బరినీళ్ళు దిగాయండీ!" అంది నర్సు ప్రమీల. డాక్టరుగారూ అదే అన్నారు. మస్తానయ్య లెంపలు వేసుకున్నాడు.

పెట్టెలోకి చుక్క కూడా దిగలేదని తనూజకి ఒక్కదానికే తెలుసు. తెనాలి నుంచి ఆ ఆసుపత్రి శాఖల కంప్యూటర్లన్నీ చూసేది ఆమే. పాత సర్వరులోంచి డేటా తెచ్చేటప్పుడు ఆసుపత్రి పేరున్న ఫోల్డరు ఒక్కటే కాపీ చేసింది. దాని పక్కనే, వివరాలుండే పట్టికలు, అంటే టేబుళ్ళన్నిటికీ తలకాయలాంటి ఫైలు ఒకటుంటుంది. దాన్ని వదిలేసింది. అందుకే టేబుళ్ళ పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి, నొక్కితే మాత్రం అలాంటి టేబులే లేదంటుంది. రేషను కార్డులో పేరుండి ఇంట్లో మనిషి లేనట్టు.

తప్పు ఆ సాయంత్రమే దొరికింది. కానీ పాత డిస్కు అప్పటికే బాపట్ల శాఖకి వెళ్ళిపోయింది. అది కావాలంటే ఎందుకని అడుగుతారు. నోరు కట్టేసుకుని మూడు రోజులు ఏవేవో కిటుకులు చేసి చూసింది. మస్తానయ్య పూటపూటా టీ తెచ్చి పక్కన పెట్టేవాడు. "నా పాపం నువ్వు కడుగుతున్నావమ్మా" అనేవాడు. తనూజ గ్లాసు పక్కకి జరిపి కీబోర్డు మీదకి వంగేది.

బయట నీటికాసులు, అంటే గ్లకోమా ఉన్న రోగులు బారులు తీరారు. పోయినసారి కంటిలో ఒత్తిడి ఎంతుందో తెలియకుండా మందు ఎలా మారుస్తారు? వచ్చినవాళ్ళందరికీ దణ్ణంపెట్టి, "తప్పు నాదే తల్లీ, మళ్ళీ రండి" అని మస్తానయ్యే చెప్పి పంపేవాడు.

నాలుగోరోజు పొద్దున, ఇంకా తెనాలిలో ఇంట్లోనే ఉన్న తనూజకి ప్రమీల ఫోను చేసింది. "సోమవారం నుంచి మస్తానయ్య బాబాయిని పనిలోకి రావద్దంటారంట."

తనూజ బాపట్ల వైపు దొరికిన రైలెక్కి, అక్కడి శాఖలోని కుర్రాడికి ఫోను కొట్టింది. "మధుబాబూ, ఆ పాత డిస్కు..."

"అంతా చెరిపేసి ఫార్మాట్ కొట్టబోతున్నా అక్కా. టిఫిన్ చేసొచ్చి మొదలెడదామని..."

"ముట్టుకున్నావంటే చంపుతా! ఇంకో రెండిడ్లీలు తిను."

బాపట్లలో డిస్కుని తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని, చెరుకుపల్లి మీదుగా పోయే బస్సెక్కింది. గోతుల దగ్గర బస్సు ఎగిరినప్పుడల్లా సంచిని పొట్టకి అదుముకుంది.

రేపల్లెలో ఈసారి తొందరపడలేదు. ముందు డేటాబేసుని ఆపింది. పాత సర్వరులో ఉన్న డేటాబేసు వెర్షనే కొత్తదానిలోనూ ఉందో లేదో చూసుకుంది. ఫోల్డరూ, తలకాయ ఫైలూ, మార్పులు రాసుకునే లాగ్ ఫైళ్ళూ, ఒక్కటి వదలకుండా అన్నీ తెచ్చి పెట్టింది. వాటి మీద హక్కులు డేటాబేసుకి అప్పజెప్పి స్టార్టు చేసింది.

ప్రమీల ఒక నంబరు కొట్టింది. పల్లపాటి కొండమ్మ, కంటి ఒత్తిడి కుడికన్ను ఇరవై నాలుగు, ఎడమకన్ను పందొమ్మిది. పదకొండేళ్ళ రోగుల వివరాలన్నీ కళ్ళు తెరిచాయి.

గుమ్మంలో నిలబడ్డ మస్తానయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పోనీ పనిలో ఉండు. మిషన్ల దగ్గరికి మాత్రం ఇక రాకు" అన్నారు డాక్టరుగారు ఆయనతో.

"సార్, కొబ్బరినీళ్ళ వల్ల కాదండి," అంది తనూజ. "ఒక ఫైలు నేనే వదిలేశాను. ఆయన తప్పేం లేదండి."

డాక్టరుగారు తేలిగ్గా తల ఊపారు. "పోనీలేమ్మా. మనుషులన్నాక పొరపాట్లు జరుగుతాయి. పనయిందిగా."

ఈ నాలుగు రోజుల్లో డాక్టరుగారి నోట మస్తానయ్య విషయంలో ఆ మాట రాలేదు. తనూజకి చెంపదెబ్బ తిన్నట్టయింది.

"నీకెప్పుడు తెలిసిందమ్మా?" అన్నాడు మస్తానయ్య.

"మొదటిరోజే, బాబాయ్."

ఆయన మొలతాడుకున్న తాళాలు తడుముకున్నాడు. "మా ఇంటిది గంగాదేవి నన్ను దేవుడి గూట్లో దీపం పెట్టనివ్వట్లా. ఎల్లుండి మా మేనల్లుడి కొత్త పడవ నీళ్ళలోకి దింపుతున్నారు. మా జాలర్ల వాడలో ఏ పడవకైనా కాయ కొట్టేది నేనే. ఈసారి వద్దన్నారు. చెయ్యి మంచిది కాదంట."

తనూజ కుర్చీలోంచి లేచి ఆయన దగ్గరికి వచ్చింది.

"సారుకి చెప్పావు, బాగుంది. నేను పోయి చెబితే మా వాళ్ళు నమ్మరు. నువ్వే వచ్చి చెప్పాలి, అందరి ముందరా."

"వస్తాను బాబాయ్. ఎల్లుండి పొద్దున్నే..."

"ఎల్లుండి కాదు, ఇప్పుడే. నాలుగు రోజులు ఆగావుగా."

ఆయన ముందు నడిచాడు. తనూజ చెప్పులు వేసుకుని వెనకే వెళ్ళింది. వాడ చేరేదాకా ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.