గట్టయ్య సేటు పిలిచిన మారిషస్ టీచరు

1998 నాటికి ముంబై పక్కనున్న భివండీ పద్మనగర్‌లో తెలుగు సమాజానికి అధ్యక్షుడు గట్టయ్య సేటు. ఎవరు ఎన్నుకున్నారని అడగకూడదు. సమాజం హాలుకు రంగు వేయించినవాడే అధ్యక్షుడు.

మారిషస్ నుంచి లచ్చుమి అప్పడు అనే భూగోళం టీచరు ముంబై వచ్చిందనీ, ఆమె పూర్వీకులు తెలుగువాళ్లేననీ తెలిసి, కారు పంపి మరీ పిలిపించాడు. ఆమె తనను మెచ్చుకుంటే ఆ దీవికి పిలుస్తుందని ఆయన ఆశ.

హాల్లో సభ మొదలై ఆమె నోరు తెరిచేలోగా చరిత్ర సగం ఆయనే చెప్పేశాడు. "మనోళ్లు ఓడలెక్కి పోయి ఆ దీవిని ఏలిన్రు. తెల్లోళ్లకు చక్కెర తినుడు నేర్పిందే మనోళ్లు!"

టీచరు లేచి, బడిలో నేర్చుకున్న పుస్తకాల తెలుగులో అంది: "మేము ఏలలేదండీ. చెరకు కొట్టినాము."

హాలంతా నవ్వింది. కాస్త ఆలస్యంగా గట్టయ్యా నవ్వాడు.

అగ్నిపర్వతం కక్కిన దీవి అది, నేలంతా నల్లరాళ్లేనని చెప్పిందామె. తెల్లదొరలు మొదట బానిసలతో చెరకు పండించారు. బానిసత్వం రద్దయ్యాక మన దేశం నుంచి కూలీలను ఓడల్లో తెచ్చారు. వాళ్లు చేతులతో ఏరి పోసిన రాళ్ల కుప్పలు తోటల మధ్య ఇప్పటికీ ఉన్నాయి. ఆ రోజుల్లో కూలీ దొర చీటీ లేకుండా తోట దాటితే జైలే.

గట్టయ్య ఆమెకు కప్పాల్సిన శాలువాతోనే కళ్లు తుడుచుకున్నాడు. "మనుషుల్ని గట్ల బంధిస్తరా? రాక్షసులు!"

ఆ ఊపులో, మనవాళ్లు ఎంత ఎదిగారో చూడమని ఆమెను తన మరమగ్గాల కార్ఖానాకు తీసుకెళ్లాడు. జనమంతా వెంట నడిచారు. తలుపుకు బయట తాళం. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, మగ్గాల రొద ఆగింది.

"సేట్! నీళ్లు ఒడిసినయి, ఉడికి చస్తున్నం. తాళం తీయుండ్రి!" లోపలినుంచి రాజమణి గొంతు. ఆమె అక్కడ మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది.

"లోపల మనుషులు ఉన్నారా?" అంది టీచరు.

"డ్యూటీ మీద ఉన్నరు మేడం. తాళం దొంగల భయానికి."

"దొంగలు బయట ఉంటే గడియ లోపల కదండీ పెట్టుకోవలె?"

గట్టయ్య తాళంచెవి కనపడనట్టు జేబులు తడుముకున్నాడు.

"నీ మొలతాడుకే ఉన్నది గదా!" అంది భార్య పోచవ్వ, అందరికీ వినపడేలా.

తలుపు తెరుచుకుంది. జుట్టు నిండా దూదిపొట్టుతో, చెమటలు కారుతూ కార్మికులు బయటికొచ్చారు. టీచరు లోపలికి వెళ్లనేలేదు. ఎదురుగా చాయ్ దుకాణం బెంచీ మీద రాజమణి పక్కన కూర్చుంది. కరెంటు వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"మళ్ల తాళమేసేదుంటే సాంచాలు మీరే నడుపుకోండ్రి సేట్," అంది రాజమణి మగ్గాల వైపు చూపిస్తూ.

"మేడం ముందట ఇజ్జత్ తీస్తవా?"

"మమ్ముల లోపటేసి తాళం పెట్టినప్పుడు యాదికి రాలేదా ఇజ్జత్?"

చుట్టూ జనం, పక్కనే సభకు తను పిలిపించిన ఫోటోగ్రాఫరు. గట్టయ్య పళ్లు కొరుకుతూ తాళాన్ని రాజమణి చేతిలో పెట్టాడు. ఫ్లాష్ వెలగగానే చిరునవ్వు నవ్వాడు.

టీచరు వెళ్లిపోయాక కొత్త తాళం కొనుక్కొచ్చాడు గానీ, కార్మికులంతా లోపలికి పోకుండా గడప మీదే నిలబడ్డారు. ఆర్డరు సరుకు ఆగిపోతుందని ఆయనే తగ్గాడు. ఇప్పుడు డ్యూటీలో ఆ తలుపు బార్లా తెరిచే ఉంటుంది.

"గాలి ఆడాలని నేనే తీపిచ్చిన," అని సేటు సభల్లో చెప్పుకుంటున్నాడు. చప్పట్లు కొట్టేవాళ్లు కొడుతూనే ఉన్నారు.