లోపలి జేబు

నేను ఒక ఉన్ని కోటును. ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో ఒక దర్జీ నన్ను ఓడ సరంగు కోసం కుట్టాడు. సరంగు పోయాక అతని భార్య పాతబట్టల కొట్టుకు ఇచ్చేసింది. అక్కడి నుంచి సినిమావాళ్లు కొనుక్కుపోయారు. మామూలుగా కొత్త కోటు కొని, ఇసుక కాగితంతో రుద్ది పాతది చేస్తారట. నాతో ఆ శ్రమ తప్పిందని సంబరపడ్డారు.

ఆ సినిమాలో కథ పెద్దగా లేదు. సొంత దేశానికి తిరిగి వెళ్లలేని ఒకడు రేవు దగ్గర గదిలో తాగుతూ, సముద్రం కేసి చూస్తూ ఉంటాడు. ఒక్కో షాటు చుట్ట కాలినంత సేపు సాగుతుంది. ఆ వేషానికి దర్శకురాలు క్లోదీన్ నటులందరినీ కాదని, హోటల్లో గిన్నెలు కడిగే సింహాద్రిని తెచ్చింది.

సింహాద్రిది యానాం. ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన తాతగారి వల్ల ఆ దేశపు పౌరసత్వం దక్కింది. వచ్చిన కొత్తలో చలికీ ఒంటరితనానికీ మందు మరిగాడు. తల్లి పోయిందని కబురొచ్చిన రోజున, విమానం ఎక్కలేనంతగా తాగి ఉన్నాడు. ఆ తరవాత ఊళ్లో ముఖం చూపించలేక వెళ్లడమే మానేశాడు. పెళ్లాం నాగరత్నం ఏళ్ల తరబడి పోరి, తాగుడు మాన్పించింది. ఇవన్నీ క్లోదీన్‌కు అతనే చెప్పుకున్నాడు. అందుకే అతన్ని ఎంచుకుంది.

"సీసాలో ఏం పోస్తారు?" అని నాగరత్నం ముందే అడిగింది. టీ డికాషనే పోస్తామని క్లోదీన్ మాటిచ్చింది. మాట తప్పలేదు కూడా. ఆ సీసాలో చివరిదాకా డికాషనే ఉంది.

కాని సింహాద్రికి నటన రాలేదు. డికాషన్ తాగి, పని ముగించుకున్నవాడిలా నిమ్మళంగా కూర్చునేవాడు. "బాగుంది. కానీ ఏదో లోటు. ఆ రోజుల్ని గుర్తు తెచ్చుకోండి," అనేది క్లోదీన్. అతను గుర్తు తెచ్చుకున్నాడు. ఒక పొద్దున నా లోపలి జేబులోకి ఒక చిన్న సీసా వచ్చింది. నేను దాన్ని వెచ్చగా దాచాను.

ఆనాటి షాటులో అతను సముద్రం కేసి చూస్తూ కూర్చున్నాడు. కళ్లు వాటంతటవే నిండాయి. క్లోదీన్ పరుగున వచ్చి కావలించుకుంది. ఆమె చెంప నా కాలరుకు ఆనింది. ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది. వాసన తెలియకుండా ఉంటుందా? వెనక్కి జరిగి, నెమ్మదిగా, "రేపు కూడా ఇలాగే చేయండి," అంది.

కొన్నాళ్లకు నాగరత్నం రేవులో షూటింగు జరిగేచోటికి అన్నం క్యారియరు తెచ్చింది. గాలి వీస్తోందని నా గుండీలు పెట్టబోతే చేతికి సీసా తగిలింది.

"ఇదేటండి?"

"సినిమా కోసమే, రత్నం. ఇదయిపోతే మానేత్తాను."

"అత్తగారు పోయినప్పుడు ఏ సినిమా తీసేరండి?"

ఆమె సీసాను తిరిగి జేబులోనే పెట్టింది. "పారెయ్యాల్సింది నేను కాదు," అని వెళ్లిపోయింది. సింహాద్రి దాన్ని తీసి, నీళ్ల మీదికి చెయ్యి చాచి చాలాసేపు నిలబడ్డాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సినిమా మొదటి ప్రదర్శనకు నన్నే తొడుక్కుని రమ్మన్నారు. అప్పటికి అతను ఇంట్లో కూడా తాగుతున్నాడు. ఆట ముగిశాక జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత సహజంగా ఎలా నటించారని ఒకాయన అడిగాడు.

సింహాద్రి మైకు అందుకున్నాడు. "నటించలేదు. తాగాను. ఈవిడకి తెలుసు," అన్నాడు ఫ్రెంచిలో, క్లోదీన్‌ను చూపిస్తూ.

హాలంతా నవ్వింది. చమత్కారం అనుకున్నారు. క్లోదీన్ కూడా నవ్వింది. ముందు వరసలో నాగరత్నం ఒక్కతే నవ్వలేదు. అతను నన్ను విప్పి కుర్చీ మీద పడేసి, ఆమె దగ్గరికి వెళ్లాడు.

"నా వల్ల కాటంలేదే. రేపు ఆసుపత్రికి తీసుకెల్లు."

"రేపెందుకండి? ఇప్పుడే ఎల్దారి."

ఇద్దరూ చలిలోకి వెళ్లిపోయారు. అతనికి నయమైందో లేదో నాకు తెలియదు.

నేను ఇప్పుడు ఒక సినిమా మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. అతని నటన ఎంత గొప్పదో కింద చీటీ మీద రాశారు. చదివినవాళ్లు నా వైపు గౌరవంగా చూస్తారు. నన్ను తొడిగిన బొమ్మ మెడ దాకానే ఉంది. సిగ్గుతో దించుకుందామంటే తల కూడా లేదు.