కారిన ఎండ

వైర్లక్క షెడ్డు తెరవగానే చేసే మొదటి పని, నిన్న కారిన ఎండని గుడ్డతో తుడవడం. వ్యాన్లను ఇళ్లుగా మార్చుకునేవాళ్లకి ఆమె సోలార్ వైరింగ్ చేస్తుంది. వైరు సన్నమైనా, పొడవు మితిమీరినా ఎండ దారిలోనే కారిపోయి, పలచటి తేనెలా నేలమీద మడుగు కడుతుంది. చూసుకోకుండా తొక్కితే చెప్పులకి అంటుకుని ఇల్లంతా అవుతుంది.

ఆవేళ ఒక రిటైరైన బస్సు డ్రైవరు తన వ్యాను తెచ్చాడు. వెంట భార్య. వ్యానులోనే ఉంటూ ఊళ్లు తిరగాలని ఆయన, రానంటే రానని ఆవిడ. కుట్టుపని చేసిన మనిషి. వేళ్లు బిగుసుకుపోయి మిషను మూలపడ్డాక గడప దాటడమే మానేసింది.

"ఎలాగూ ఒక్కరే పోతారుగా, మంచమైనా సరిగ్గా కుదిరిందో లేదో చూద్దామని వచ్చాను," అంది.

"ఆ కంట్రోలర్ పెట్టె నా సీటు పక్కన పెట్టమ్మా. బ్యాటరీలోకి ఎంత ఎండ పోతోందో నడుపుతూ అంకెలు చూసుకుంటాను," అన్నాడు డ్రైవరు.

"బ్యాటరీ వెనక మంచం కింద ఉంది బాబాయ్. కంట్రోలర్ దాని పక్కనే, గాలి తగిలేచోట ఉండాలి. అంత దూరం లాగితే బోలెడు ఎండ కారిపోతుంది. అంకెలే కావాలంటే ముందు చిన్న డిస్‌ప్లే పెడతాను."

"బస్సులతోనే తెల్లారింది నా బతుకంతా. నాకు తెలీదా?"

"సరే, కళ్లతోనే చూద్దురుగాని."

కంట్రోలర్‌ని ఆయన సీటు పక్కనే పెట్టి, దానికి ముందు బ్యాటరీ, తర్వాత పైకప్పు మీది ప్యానెల్ తగిలించింది. మధ్యాహ్నానికి ఆ పొడవాటి వైరులోంచి మంచం కింద ఎండ చుక్కలు చుక్కలుగా కారసాగింది.

"అయ్యయ్యో, కొత్త చెక్క!" అంటూ ఆవిడ వంగి దోసిలి పట్టింది. పట్టి అలాగే కూర్చుండిపోయింది. చిక్కుపడ్డ దారం విడిపోయినట్టు వేళ్లు ఒక్కొక్కటే సాగాయి. కాసేపటికి లేచి, భర్త చొక్కాకి వేలాడుతున్న బొత్తాం చూసి, సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించింది. ఒక్కసారికే ఎక్కింది.

ఆవిడ కుడుతున్నంతసేపూ ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. తర్వాత వైర్లక్కతో గొంతు తగ్గించి అన్నాడు:

"ఆ పెట్టె నా సీటు దగ్గరే ఉండనీ తల్లీ. కారితే కారనీ."

"ఏం అక్కర్లేదు," అంది భార్య, దారం పంటితో తెంపుతూ. "బ్యాటరీ నిండకపోతే నా మిషను దేంతో తిరుగుతుంది? ఆ అమ్మాయి చెప్పినచోటే పెట్టించండి."

వైర్లక్క మందపాటి వైరు మూరెడు కత్తిరించింది. ఆవిడ అప్పటికే వేళ్లు బారజాపి, జానలు వేస్తూ కిటికీ పక్కన మిషనుకి చోటు కొలుస్తోంది.