ఫిడేలాయన చెయ్యి

చొప్పదండి క్రైస్తవ సంఘంలో ఎవరికి జబ్బు చేసినా ముందు దవాఖానకు పోతారు, అట్నుంచి సంతోషమ్మ ఇంటికి వస్తారు. వెనకటి మిషన్ దొరసాని వదిలిపోయిన రేకు డబ్బా ఆమె దగ్గరే ఉంది. దాన్నిండా పాత ఉత్తరాలు. ఒక్క అక్షరం ఎవరికీ అంతుపట్టదు. దొరసాని రాసుకున్న ప్రార్థనలని పెద్దలు తేల్చేశారు. చదవరాని దానికే మహిమ ఎక్కువ కదా! రోగి తలగడ కింద ఒక ఉత్తరం పెట్టడం, లేచి తిరిగాక ఆదివారం గుడిలో సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ అయిపోయింది.

సంతోషమ్మ మనవరాలు ఏంజెల్ ఊరుకునే పిల్ల కాదు. వాటిని ఫోన్లో ఫొటోలు తీసి, దొరసాని పుట్టిన హంగరీ దేశంలో ఎవరో పంతులమ్మకు పంపింది. ఈ పొద్దున జవాబొచ్చింది.

"నానమ్మా, ఇవి ప్రార్థనలు కావు. దొరసాని వాళ్ల తాత ఫిడేలు కచేరీలు చేసేటోడట. ఊరూరు తిరుక్కుంట తన తల్లికి రాసిండు."

"ఏం రాసిండే?"

"చారు నీళ్ల లెక్క ఉన్నదట. సత్రపోడు పిసినారట. ఒకదాంట్ల ఎవర్నో బూతులు తిట్టిండు."

సంతోషమ్మ డబ్బా ముందేసుకుని కూర్చుంది. పాస్టరు దేవసహాయం నడుము నొప్పికి పెట్టింది ఆ బూతుల ఉత్తరమేనేమో! నడుము బాగైంది కూడా. మరి బాగుచేసింది ఎవరు? ఇన్నేళ్లూ తను చేసింది భక్తా, బుద్ధితక్కువా?

అంతలో పక్కింటి దేవవ్వ వచ్చింది. మరమగ్గాల షెడ్డులో పని చేస్తుంది. కామెర్లు ముదిరి ఆమె కొడుకు హరీష్ దవాఖానలో కళ్లు తెరవడం లేదు.

"అక్కా, జర గా చీటీ ఇయ్యి. పోరని తలకింద పెడ్త."

ఇస్తే మోసం. ఇవ్వకపోతే తల్లి ఉసురు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి సంతోషమ్మ ఉన్నదున్నట్టు చెప్పేసింది. దేవవ్వ డబ్బాలోంచి ఒక ఉత్తరం తీసి అయోమయంగా చూసింది.

"దేవుని మాటలు కాకపోతె, గీ దాంట్ల ఏమున్నట్టు?"

ఏంజెల్ ఫోన్లో చూసి చదివింది. "'అమ్మా, ఎడమ చెయ్యి కొయ్యబారింది. వేళ్లు వంగడం లేదు. నా కోసం దేవుణ్ణి అడుగు.'"

"అయ్యో! చెయ్యి పోతె పనిజేసెటోనికి బతుకేముంటది? నయమైందా?"

"తెల్వదు. అదే ఆఖరుది."

సంతోషమ్మకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆ కాగితాలు పట్టుకుని ఊరందరి కోసం మొక్కింది. మొక్కమని రాసినాయన కోసం ఒక్కరూ నోరు విప్పలేదు. పోయినవాళ్ల కోసం ప్రార్థన చేయరాదంటాడు పాస్టరు. ఏది తప్పో, ఏది ఒప్పో ఆమెకు పాలుపోలేదు. మోకాళ్లూని కళ్లు మూసుకుంది.

"ప్రభువా, హరీష్‌ను లేపు..."

దేవవ్వ ఆమె భుజం పట్టుకుంది. "ఆగు అక్కా. ముందుగాల గాయన కోసం అడుగు."

"నీ కొడుకు గట్లుంటె..."

"మనకన్న ముందుగాల గాయన అడిగిండు గద."

సంతోషమ్మకు ఏడుపు ఆగలేదు. ఆయన పేరేందో చెప్పమని మనవరాలిని అడిగింది.