‘నేను’తో మొదలయ్యే వాక్యం

లాండ్రీలో ఇస్త్రీ మిషన్ల దగ్గర పనిచేసే తోటికోడళ్లిద్దరిలో పెద్దామెకు సూపర్‌వైజర్ ఉద్యోగం చేతికందేంత దూరంలో ఉంది. అడ్డంకల్లా ఇంగ్లీషే. అందుకే పని దిగగానే మేడమీది క్లాసుకు పరుగెడుతోంది.

ఆ రోజు పాఠం ‘స్టాండ్ అప్ ఫర్’.

“ఎవరిమీదికైనా మాట వచ్చినప్పుడు వాళ్ల పక్షాన నిలబడి మాట్లాడటం. అర్థం తెలిస్తే చాలదు, వాడాలి. తలా ఒక వాక్యం చెప్పండి” అంది టీచరమ్మ.

పెద్దామెకు లాండ్రీలో జరిగింది గుర్తొచ్చింది. మధ్యాహ్నమే హోటల్ దుప్పట్లు మోపెడు మాడిపోయాయి. “త్వరగా తెములుతుంది, వేడి పెంచవే” అని చిన్నామెను తొందరపెట్టింది తనే. మేనేజర్ వచ్చి, ఎవరు పెంచమన్నారని చిందులు తొక్కితే, చిన్నామె తల తిప్పకుండా “నేనే పెంచాను సార్” అంది. రేపట్నుంచి రావద్దన్నాడాయన. పెద్దామె ఉలకలేదు, పలకలేదు. మడతపెట్టిన తువ్వాలునే మళ్లీ మడతపెట్టింది. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే వీధంతా వినేలా అరిచే నోరు అది!

తన వంతు వచ్చింది. తోటికోడలికి ఇంగ్లీషులో మాట దొరక్క, “మై సిస్టర్ స్టుడ్ అప్ ఫర్ మీ” అంది.

“శభాష్! ఒక్క తప్పూ లేదు. ఇప్పుడు ‘నేను’తో మొదలుపెట్టి ఇంకోటి చెప్పమ్మా.”

సిగ్గుతో చచ్చిపోయింది. పుస్తకం బల్ల మీదే వదిలేసి మెట్లు దిగి లాండ్రీకి పరుగెత్తింది. మేనేజర్ ఆఫీసుకు తాళం వేస్తున్నాడు.

“వేడి పెంచమంది నేనే సార్. దాని తప్పేం లేదు. దాన్ని పన్లోంచి తీసేయకండి.”

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. “సరే, రమ్మను. నీ సూపర్‌వైజర్ మాట మాత్రం మర్చిపో.”

ఇంటికెళితే చిన్నామె తలుపు తీసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

“నీ పని ఎక్కడికీ పోలేదే. ఆయనకు అంతా చెప్పేశాను” అంది పెద్దామె.

చిన్నామె పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“మధ్యాహ్నం నీ వైపు చూళ్లేదు గానీ, చెవులు మాత్రం నీ దగ్గరే ఉన్నాయక్కా” అని, కంచాలు పెట్టడానికి లోపలికి వెళ్లింది.