గ్యాస్ పొయ్యి అని రాసుకొచ్చిన కాగితం

మహాలక్ష్మమ్మ చెయ్యి కాల్చింది మీరు. రొయ్యల చెరువులో పడిన ఫోనుని మూడు రోజులు బియ్యం డబ్బాలో ఎండబెట్టి, పైపైన తుడిచి, "బానే పనిచేసేదండి, కొత్తది కొన్నాం కదాని ఇచ్చేస్తున్నాం" అని చెప్పి బదులుగా ప్లాస్టిక్ టబ్బు పుచ్చుకున్నారే, చెరువుల వాళ్లూ, మీరు. ఆ ఫోను ప్రమాదమని చెబితే "విప్పెయ్యండి" అన్న సత్యప్రసాద్ గారూ, మీరు కూడా. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, వినండి.

నా పేరు వెంకటదుర్గ. నిడదవోలులో రైలు గేటు అవతల సత్యప్రసాద్ గారి రేకుల షెడ్డులో నాలుగేళ్లుగా పాత సెల్‌ఫోన్లు విప్పుతున్నాను. ఆరుగురు ఆడవాళ్లం. గోనెసంచులు పరుచుకుని కూర్చుంటాం. వెనక మూత ఊడదీసి, బ్యాటరీ లేపి, స్క్రీన్లు ఒక బుట్టలో, బోర్డులు ఒక బుట్టలో వేస్తాం. వారానికోసారి వ్యాను వచ్చి బోర్డులు పట్టుకుపోతుంది. మా చేతికిచ్చింది ఒక్క స్క్రూడ్రైవరు. గ్లౌజులు ఒకసారి ఇచ్చారు, ఎవరో ఫొటో తియ్యడానికి వచ్చిన రోజున. ఫొటో అయ్యాక లెక్కపెట్టి మరీ తీసేసుకున్నారు.

ఫోన్లు తెచ్చేది ఐజాక్. మోటారు సైకిలుకి టబ్బులూ బకెట్లూ కట్టుకుని భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కలంతా తిరుగుతాడు. "పాడైపోయిన సెల్‌ఫోన్లకి టబ్బులిస్తామమ్మా" అని మైకులో రికార్డు చేసిన ఆడగొంతు అరుస్తుంటుంది.

"ఆ గొంతు మీ ఆవిడదేనా ఐజాకూ?" అని ఒకసారి మహాలక్ష్మమ్మ అడిగింది.

"మా ఆవిడ గొంతు పెడితే జనం బయటికొస్తారా పిన్నీ, తలుపులేసుకుంటారు" అన్నాడు.

తెచ్చిన ప్రతి ఫోను మీదా చిన్న ప్లాస్టరు ముక్క అంటించి, ఊరి పేరూ ఇచ్చినవాళ్ల పేరూ రాస్తాడు. దొంగ ఫోనని ఎవరైనా నిలదీస్తే చూపించుకోడానికి.

చెరువుల వైపు నుంచి వచ్చే ఫోన్ల సంగతి వేరు. రొయ్యలకి మేత చల్లుతూ వంగితే జేబులోంచి జారి పడతాయి. ఉప్పునీళ్లు లోపలికి పోయాక బ్యాటరీ కుదురుగా ఉండదు. లోలోపల పాడవుతూ, ఉబ్బుతూ ఉంటుంది. మూత తియ్యకుండా మాకెవరికీ తెలియదు. మహాలక్ష్మమ్మకి తెలుస్తుంది. యాభై దాటిన మనిషి, కళ్లజోడు దారంతో కట్టుకుంటుంది. ఫోను తీసుకుని చార్జింగ్ కన్నంలోకి చూస్తుంది.

"తవుడుందే దుర్గా. బియ్యంలో పెట్టారు. చెరువు ఫోనే" అని పక్కన పెట్టేస్తుంది. ఈ విద్య ఆవిడకి ఏ ఇంజనీరూ నేర్పలేదు.

పోయిన వారం మంగళవారం అలా పదకొండు పక్కన పెట్టింది. మధ్యాహ్నం వ్యాను వస్తుందని సత్యప్రసాద్ గారు హడావుడిగా వచ్చారు.

"అవేంటమ్మా, అలా వదిలేశావు?"

"నీళ్లల్లో పడ్డవండి. లేపితే అంటుకుంటాయండి. ఇసకలో పెట్టి బయటుంచాలండి."

"ఇసకా? ఇప్పుడు గోదాట్లో దిగి తవ్వుకురానా?" అని నవ్వారు. "విప్పెయ్యండి. ఇన్నాళ్లూ ఏం కాలేదుగా."

"కాలేదంటే నా కళ్లజోడు పుణ్యమండి అది."

మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. "ఇష్టం లేకపోతే ఇంటికెళ్లు" అన్నారు.

ఆవిడ స్క్రూడ్రైవరు తీసుకుంది. రెండు విప్పింది. మూడోది బుస్సుమంది. తెల్లటి పొగ, ఆ వెంటే మంట. కుడి చెయ్యి మణికట్టు దాకా కాలిపోయింది. నేను పంపు కిందకి లాక్కెళ్లాను. అంత బాధలోనూ ఆవిడ అన్నది ఒక్కటే. "మిగతావి ముట్టుకోకండే."

ఆసుపత్రిలో చీటీ రాసేచోట సత్యప్రసాద్ గారు మాకంటే ముందు నిలబడ్డారు. "ఇంట్లో గ్యాస్ పొయ్యి దగ్గర కాలిందండి" అన్నారు. మహాలక్ష్మమ్మ వినే స్థితిలో లేదు. నేను విన్నాను. విని నోరు మూసుకున్నాను. ఈ తప్పు నాది, ఎవరి మీదకీ నెట్టను.

నిన్న ఆయన ఆటో పంపి మహాలక్ష్మమ్మని షెడ్డుకి రప్పించారు. ఎవరో అధికారి చూడ్డానికి వస్తారని తెలిసింది, అందుకు. టైపు చేయించిన కాగితం ఆవిడ ముందు పెట్టి, నన్ను చదవమన్నారు. చదివాను. "మహాలక్ష్మమ్మ అను నేను మా ఇంట్లో వంట చేసుకొనుచుండగా గ్యాస్ పొయ్యి వద్ద నా చెయ్యి కాలినది. నేను సదరు షెడ్డులో పనిచేయుట లేదు."

"వేలిముద్ర వెయ్యమ్మా" అని ఇంకు డబ్బా జరిపారు. "మందులన్నీ నేనే చూసుకుంటాను."

"నాకు సంతకం వచ్చండి. రాత్రి బడిలో నేర్చుకున్నాను. సంతకం పెట్టే చెయ్యే మీ షెడ్డులో కాలింది."

"ఎడం చెయ్యి ఉందిగా?"

"ఆయ్, ఉందండి. దానికి మొదటి పనే అబద్ధం చెప్పమంటారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "అసలా రోజు నువ్విక్కడ ఉన్నావనడానికి సాక్ష్యం ఏంటి? ఏ పుస్తకంలో ఉంది నీ పేరు?"

ఏ పుస్తకంలోనూ లేదు. హాజరు పుస్తకం ఆయన పెట్టలేదు. మా ఆరుగురి పేర్లూ ఎక్కడా లేవు.

ఐజాక్ అప్పుడే బండి ఆపి మూట దించుతున్నాడు. అంతా విన్నాడు. మైకు ఇంకా టబ్బులిస్తామని అరుస్తుంటే దాని నోరు నొక్కేసి లోపలికి వచ్చాడు.

"సాక్ష్యం నేనండి. ఆ ఫోను తెచ్చింది నేను, దాని మూత మీద నా ప్లాస్టరుంది. ఉండి ఊరి దగ్గర హనుమంతరాజు గారి చెరువు కాడ తీసుకున్నాను. నీళ్లల్లో పడిందాండీ అని అడగలేదు. అడిగితే కోపాలొస్తాయి, నా టబ్బు నేనే మోసుకురావాలి. మొన్న మళ్లీ వెళ్లి అడిగాను. 'పడింది, అయితే ఏంటంట?' అన్నారు. అయితే ఏంటో ఈ పిన్ని చెయ్యి చూస్తే తెలుస్తదండి."

"ఒరేయ్, రేపట్నించి నీ సరుకు ఎవడు కొంటాడో చూస్తాను."

"చూడండి. నాక్కూడా చూడాలనే ఉంది."

మూడు జిల్లాల్లో అతని సరుకు కొనేది ఈయనొక్కరే. అది తెలిసి అన్నాడు ఆ మాట. ఇక నేను కూర్చోలేకపోయాను.

"ఆసుపత్రిలో మీరు అబద్ధం చెప్పారు, నేను పక్కనే ఉన్నాను. ఇప్పుడే వెళ్లి ఆ చీటీ రాసినాయనకి నిజం చెప్పొస్తాను. దిద్దమంటాను" అన్నాను.

మిగతా ఆడవాళ్ల స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటీ నేల మీద పడ్డాయి. వ్యాను డ్రైవరు తొంగిచూసి "అమ్మా, లోడు..." అన్నాడు. "కూర్చోవయ్యా, టీ తాగు. ఇవాళ లోడు లేదు" అంది మహాలక్ష్మమ్మ.

వెళ్లాను, చెప్పాను. నా మాట, నా పేరు రాసుకున్నారు. తిరిగొచ్చేసరికి పని ఆపి కూర్చున్నవాళ్లు ఎవరూ లేవలేదు. ఇవాళ కూడా లేవలేదు. బోర్డులు బుట్టల్లోనే ఉన్నాయి, వ్యాను ఖాళీగా నిలబడి ఉంది.

చెరువుల వాళ్లూ, ఫోను నీళ్లల్లో పడితే పడిందని ఐజాక్‌తో చెప్పండి. చెప్పకుండా ఇస్తే ప్లాస్టరు మీద పేరు చూసుకుని మీ గట్టు మీదకే వస్తాం.

సత్యప్రసాద్ గారూ, మీ కాగితం చింపెయ్యండి. కొత్త కాగితం మీ చేత్తో రాయండి. ఈ షెడ్డులో, మీరు విప్పమంటే విప్పుతూ కాలిందని రాయండి. చెయ్యి బాగయ్యేదాకా కూలీ, మందుల ఖర్చూ మీదేనని రాయండి. హాజరు పుస్తకం తెచ్చి ఆరుగురి పేర్లు ఎక్కించండి, మొదటి పేరు మహాలక్ష్మమ్మది. ఇసక తొట్టి, గ్లౌజులు సాయంత్రంలోగా రావాలి. ఉబ్బిన ఫోను విప్పమని ఇంకెప్పుడూ ఎవర్నీ అనకూడదు. అధికారి వచ్చి వెళ్లాక కాదు, ఇప్పుడే. మా ముందు కూర్చుని రాయండి.