నీలంలో మునిగిన పావురాలు

సారంగపాణికి మగ్గమంటే చిన్నప్పటి నుంచీ గిట్టదు. మట్టెవాడలో తండ్రి జంపుఖానాలు నేస్తుంటే ఆ చప్పుడు పడక వీధిలోకి పరిగెత్తేవాడు. పెద్దయ్యాక ఆటో కొనుక్కుని ఖిలా వరంగల్‌కు కాపురం మార్చాడు. అంత తప్పించుకున్నవాడూ చివరికి జైల్లో మగ్గాల షెడ్డుకే చేరాడు. తలరాతకు కూడా కాస్త వేళాకోళం ఉంటుంది మరి.

పక్కింటి జానీ మియాకు పావురాలంటే ప్రాణం. అవేమో సారంగపాణి మిద్దె మీద ఆరబోసిన జొన్నలు తినిపోయేవి. ఒకరోజు ఒళ్లు మండి రాయి విసిరితే తెల్లదాని కాలు విరిగింది. అడుగుదామని జానీ మియా మిద్దెక్కాడు. మాటా మాటా పెరిగింది. సారంగపాణి తోశాడు. పిట్టగోడ లేని మిద్దె అది. తోసిన చేతులు గాలిలోనే ఉన్నాయి, ఎదుట మనిషి లేడు.

కోర్టులో వకీలు చెప్పినట్టే చెప్పాడు: జానీ మియాయే కొట్టడానికి మీదికొచ్చాడని. రాయి ఊసు ఎవరూ ఎత్తలేదు. జానీ మియా చావుకు ఏడేళ్ల శిక్ష పడింది. రోజూ 'పాణన్నా' అని నోరారా పిలిచే వజీరా, జానీ మియా భార్య, ఆ రోజు అతన్ని గోడను చూసినట్టు చూసి వెళ్లిపోయింది. ఏడేళ్ల కన్నా ఆ చూపే బరువైంది.

మగ్గం మీద చెయ్యి కుదిరాక ఒక వింత మొదలైంది. పొద్దుటి ఎండ పడుగు దారాల మీద వాలగానే షెడ్డు గోడలు మెల్లగా కరిగిపోయేవి. దారాల వెనక ఖిలా రాతి తోరణాలు లేచి నిలబడేవి. వాటి పైన ఆకాశం, అందులో పావురాలు. ఆ చివర జానీ మియా నిలబడి ఈల వేస్తుండేవాడు. అతని ముఖంలో కోపం ఉండేది కాదు. అదే సారంగపాణికి ఎక్కువ బాధ.

వజీరాకు ఒక జానమాజ్ నేసివ్వాలనుకున్నాడు. నమాజ్ చేసేటప్పుడు కింద పరుచుకునే చిన్న జంపుఖానా. ఆమె ఉంచుకుంటే తాను ఇంకా మనిషే. తిప్పి పంపితే మళ్లీ మగ్గం ముట్టడు.

నాలుగు నెలలు నేశాడు. తోరణం, దాని కింద నీలం, ఆ నీలంలో ఐదు పావురాలు. ఒకదానికి ముడుచుకున్న కాలు. షెడ్డులో నూలుకు రంగులద్దే తోటి ఖైదీ మతీన్ అది చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"పానమున్నవాటి బొమ్మలు జానమాజ్ మీద పెడతరా భాయ్? దానిమీద నమాజ్ ఎట్ల చదువుతరు?"

సారంగపాణి సిగ్గుతో చచ్చిపోయాడు. సూది పట్టుకుని పావురాలను ఒక్కొక్కటిగా విప్పాడు. కుంటిదాన్ని విప్పేటప్పుడు ఏడ్చాడు, అందరి ముందే. మతీన్ కొత్తగా అద్దిచ్చిన నీలాన్ని ఆ ఖాళీల్లో నింపాడు. పావురాలు ఆకాశంలో మునిగిపోయాయి.

జైలరు అనుమతి తీసుకుని, భార్య రాజక్క దాన్ని వజీరాకు ఇచ్చి వచ్చింది.

"తీసుకున్నదా?"

"తీసుకున్నది. తలుపేసుకున్నది."

రంజాన్ వచ్చి వెళ్లింది. ఒకరోజు ములాఖత్‌కు పిలుపొస్తే రాజక్కే అనుకుని వెళ్లాడు. ఇనుప జాలీకి అవతల వజీరా నిలబడి ఉంది.

"ఒక్కసారి ఉతికిన," అంది. "కొత్త నీలం దిగిపోయింది. పాత నీలం నడుమ పావురాలు తెల్లగ లేచినయ్."

"తప్పయింది చెల్లే. నమాజ్‌కు పనికిరాకుండ చేసిన."

"చేసినవ్. ఐదున్నయ్. ఒకదాని కాలు ఎందుకు వంకర?"

అబద్ధం నాలుక చివరే ఉంది. జాలీ గట్టిగా పట్టుకున్నాడు.

"రాయి నేనే కొట్టిన. అది అడగనీకే ఆయన మిద్దెక్కిండు. నా మీదికి రాలే. కోర్టుల నేను చెప్పింది అబద్ధం."

వజీరా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెల్సు. దాని కాలికి పసుపు కట్టింది నేనే గదా. నీ నోటితోని చెప్తవో లేదో చూద్దామని వచ్చిన."

అతను జాలీ మీంచి చేతులు తీసేశాడు.

"గోడకు కట్టిన దాన్ని. మా బిడ్డ ఆయేషా పొద్దున లేసి వాటికి సలాం జేస్తాంది. మాఫ్ చేసిననుకోకు. అది నాతోని ఎప్పుడైతదో ఏమో." వెళ్లబోయి ఆగింది. "నమాజ్‌కు ఇంకోటి నెయ్యి. బొమ్మలొద్దు. పొడుగు జర ఎక్కువ పెట్టు, పాణన్నా."

సారంగపాణి షెడ్డుకు ఎలా నడిచొచ్చాడో అతనికే తెలియదు. మతీన్ రంగు తొట్టి దగ్గర ఉన్నాడు. అతని పక్కన కూలబడి, ఎన్నిసార్లు ఉతికినా దిగని నీలం కావాలని అడిగాడు.